సర్వర్ కొనాలా, క్లౌడ్‌కి వెళ్లాలా?



ఆఫీసులో సర్వర్ పాతబడిందంటే యజమాని దగ్గరికి ఇద్దరు వస్తారు. ఒకరు కొత్త సర్వర్‌కి కొటేషన్ పట్టుకొచ్చిన డీలరు. ఇంకొకరు, "ఇప్పుడెవరండీ సర్వర్లు కొనేది, అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం" అనే సాఫ్ట్‌వేర్ సంస్థ మనిషి. ఇద్దరూ తమ వస్తువు తెలిసినవాళ్లే, కానీ ఇద్దరూ అమ్మేవాళ్లే. కొనేవాళ్ల పక్కన కూర్చుని లెక్క చూసిపెట్టే మనిషి మాత్రం చాలాసార్లు ఉండరు. చిన్న, మధ్యతరహా సంస్థలకు కంప్యూటర్ వ్యవస్థలు అమర్చే పనిలో ఉన్నదాన్ని కాబట్టి, ఈ కాసేపూ ఆ పక్క కుర్చీలో నేను కూర్చుంటాను. మందుల హోల్‌సేల్, డయాగ్నస్టిక్ ల్యాబు, రైస్ మిల్లు, విత్తనాల కంపెనీ, చిట్ ఫండ్ లాంటి సంస్థలు నడిపేవారిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

క్లౌడ్ అంటే మరొక సంస్థ డేటా సెంటర్‌లో ఉన్న కంప్యూటర్లను, నిల్వ స్థలాన్ని, సాఫ్ట్‌వేర్‌ను వాడుకున్న మేరకు అద్దె కట్టి వాడుకోవడం. అమెజాన్ ఈ వ్యాపారాన్ని 2006లో మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్, గూగుల్ తరవాత వచ్చాయి. అమెజాన్ డేటా సెంటర్లు 2016లో ముంబైకి, 2022 నవంబరులో హైదరాబాద్‌కి వచ్చాయి. విశాఖపట్నంలో భారీ కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. కాబట్టి డేటా ఎక్కడో అమెరికాలో ఉంటుంది, తెరుచుకోవడానికి ఆలస్యమవుతుంది అన్న పాత అభ్యంతరానికి ఇప్పుడు చోటు లేదు.

నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇది. క్లౌడ్‌కి వెళ్లాలా వద్దా అని సంస్థ మొత్తానికి ఒకేసారి తీర్పు చెప్పుకోవద్దు. ఒక్కొక్క పనినీ విడిగా తీసుకుని అడగండి. మెయిల్ ఒక పని, బిల్లింగ్ ఒక పని, సీసీ కెమెరాల రికార్డింగ్ ఇంకొక పని. నెట్‌ఫ్లిక్స్ సంగతి చూడండి. 2008 ఆగస్టులో వాళ్ల డేటాబేస్ పాడైపోయి, అప్పట్లో ఇళ్లకు పంపే సినిమా డీవీడీలను మూడు రోజుల పాటు ఖాతాదారులకు పంపలేకపోయారు. ఆ దెబ్బతో అమెజాన్ క్లౌడ్‌కి మారాలని నిశ్చయించుకున్నారు. ఆ మార్పు పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. ఏడేళ్ల పని అది. అంత చేసినా, మనం చూసే సినిమాను ఇంటిదాకా చేర్చే పని మాత్రం అమెజాన్‌కి ఇవ్వలేదు. దానికి సొంత పెట్టెలు తయారు చేయించుకుని, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల దగ్గరే పెట్టారు. ఖాతాలు, సిఫారసులు ఒకచోట, బరువైన వీడియో ఇంకొకచోట. ఏ పనికి ఏది గిట్టుబాటో అది.

ఇక లెక్కలోకి వద్దాం. సొంత సర్వర్ ఖర్చు అనగానే కొన్న ధర ఒక్కటే గుర్తొస్తుంది. మన ఊళ్లలో చాలా ఆఫీసుల్లో సర్వర్ ఉండే చోటు నాకు బాగా తెలుసు. మెట్ల కింద ఇరుకు గది, పాత వోచర్ల కట్టల మధ్య టవర్ సర్వర్, దాని ముందు జాలీ నిండా దుమ్ము. పక్కన యూపీఎస్, బ్యాటరీ టెర్మినళ్ల మీద పొడిపొడిగా పట్టిన తుప్పు. ఎవరూ ఆపకుండా స్విచ్ మీద అడ్డంగా అంటించిన టేపు ముక్క. ఆదివారం ఆఫీసుకు తాళం వేస్తూ ఏసీ ఆపేస్తారు. సర్వర్ మాత్రం ఆదివారం కూడా నడుస్తూనే ఉంటుంది, మే నెలలో కూడా.

ఆ సర్వర్ సగటున 300 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకు ఏడు యూనిట్ల పైచిలుకు, నెలకు 216 యూనిట్లు. దాన్ని చల్లగా ఉంచే ఏసీ నడిచినప్పుడు గంటకో యూనిట్ తిని, రోజులో సగం సేపు నడిచిందనుకుంటే నెలకు 360 యూనిట్లు. రెండూ కలిపి 576. యూనిట్ పది రూపాయల చొప్పున వేస్తే నెలకు 5,760 రూపాయలు. ఐదేళ్లకు దాదాపు మూడున్నర లక్షలు. అంటే మూడున్నర లక్షలు పెట్టి సర్వర్ కొన్నవారు కరెంటు రూపంలో ఇంకొక సర్వర్ కొన్నట్టే. దీనికి బ్యాటరీల మార్పిడి, వార్షిక నిర్వహణ ఒప్పందం, లైసెన్సులు, చెడిపోయిన డిస్కులు, సర్వర్ చూసుకునే మనిషి జీతంలో ఆ పనికి పోయే భాగం కలపండి. ఎక్కువమంది మరిచిపోయేది ఆ చివరిదే. అకౌంట్స్ చూసే ఉద్యోగి వారంలో సగం రోజు ప్రింటర్లూ సర్వరూ చూస్తున్నాడంటే, ఆ సగం రోజు జీతం సర్వర్ ఖాతాలో రాయాల్సిందే.

క్లౌడ్ వైపు లెక్కలోనూ ఇలాగే కనపడని పద్దులున్నాయి. కొటేషన్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది యంత్రం అద్దె. డిస్కుకు వేరే, బ్యాకప్‌కి వేరే, బయటి నుంచి చేరుకోవడానికి ఇచ్చే చిరునామాకు వేరే, డేటాను క్లౌడ్ నుంచి బయటికి లాగినప్పుడు గిగాబైట్‌కి ఇంతని వేరే. లోపలికి పంపడానికి మామూలుగా ఏమీ తీసుకోరు, బయటికి తీసేటప్పుడే మీటర్ తిరుగుతుంది. ఎక్స్‌రేలు, స్కానింగ్ చిత్రాలు దాచే ల్యాబులు, ఆసుపత్రులు ఈ పద్దును ముందే అంచనా వేసుకోవాలి. వాటికి ఇంకొక భారం కూడా ఉంది. క్లౌడ్ సేవ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. సరుకు అమ్మి జీఎస్టీ వసూలు చేసే వ్యాపారికి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. వైద్యసేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ల్యాబుకు ఆ క్రెడిట్ రాదు. వంద రూపాయల బిల్లు వాళ్లకు నిజంగానే 118 రూపాయలు.

డాలరు సంగతి కూడా చెప్పాలి. పెద్ద క్లౌడ్ సంస్థలు మనకు రూపాయల్లో బిల్లు ఇచ్చినా, ధరల పట్టిక చాలావరకు డాలర్లలోనే ఉంటుంది. 2016లో 67 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2025లో 85 దాటింది. మీ వాడకం ఒక్క గంట పెరగకపోయినా బిల్లు పెరుగుతుంది. ఐదేళ్ల లెక్క వేసేటప్పుడు ఈ పెరుగుదలను కలపని కొటేషన్‌ను నేను నమ్మను.

క్లౌడ్ అద్దె తగ్గించుకునే దారులూ ఉన్నాయి. నెలలో 730 గంటలు. ఆఫీసు రోజుకు పది గంటలు, 26 రోజులు నడిస్తే 260 గంటలే. రాత్రిపూట ఎవరికీ అక్కర్లేని యంత్రాన్ని ఆపేసేలా టైమర్ పెడితే దాని అద్దె మూడో వంతుకు కాస్త పైన ఆగుతుంది. డిస్కు అద్దె మాత్రం తప్పదు. ఏడాదికో మూడేళ్లకో మాట ఇస్తే మంచి తగ్గింపు ఇస్తారు. అయితే మొదటి నెలలోనే మాట ఇవ్వకండి. పాత సర్వర్‌లో 32 గిగాబైట్ల మెమరీ ఉంది కాబట్టి క్లౌడ్‌లోనూ అంతే తీసుకుంటారు చాలామంది. నిజంగా వాడేది ఎనిమిదే కావచ్చు. మూడు నెలలు నడిపి, కొలిచి, చిన్నది చేసి, ఆ తరవాతే ఒప్పందం.

పని తీరు కూడా చూడాలి. పెళ్లికి ఐదొందల కుర్చీలు కావాలంటే టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చుకుంటాం, రోజూ పడుకునే మంచం మాత్రం కొనుక్కుంటాం. క్లౌడ్ ముఖ్యంగా ఆ కుర్చీల కోసం పుట్టింది. సంక్రాంతి ముందు పది రోజులు టికెట్ల కోసం జనం విరుచుకుపడే ట్రావెల్స్ వెబ్‌సైటు, ఫలితాల రోజున ఒక్క ఉదయం స్తంభించిపోయే కాలేజీ సైటు, దసరా దీపావళి అమ్మకాల్లో ఊపిరాడని ఆన్‌లైన్ బట్టల దుకాణం, వీటికి సొంత సర్వర్ కొనడం దండగ. తెలుగువాడైన ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి 2006లో బెంగళూరులో మొదలుపెట్టిన రెడ్‌బస్, మన దేశంలో అమెజాన్ క్లౌడ్‌ను తొలినాళ్లలోనే వాడిన సంస్థల్లో ఒకటి. పండగకూ మామూలు రోజుకూ అంత తేడా ఉన్న వ్యాపారంలో అది సహజమైన నిర్ణయం.

ఏడాది పొడవునా ఒకే ఎత్తున నడిచే పనికి లెక్క తిరగబడవచ్చు. డ్రాప్‌బాక్స్ మొదట్లో ఖాతాదారుల ఫైళ్లను అమెజాన్‌లోనే దాచేది. వ్యాపారం బాగా పెరిగాక సొంత ఏర్పాటు చేసుకుని వాటిలో చాలాభాగం అక్కడికి మార్చింది. దానివల్ల రెండేళ్లలో దాదాపు ఏడున్నర కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిందని 2018లో షేర్ మార్కెట్‌లోకి వచ్చేముందు దాఖలు చేసిన పత్రాల్లో చెప్పింది. బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసే 37సిగ్నల్స్ సంస్థ 2022లో క్లౌడ్‌కి 32 లక్షల డాలర్ల దాకా కట్టి, ఇక వద్దనుకుని సొంత సర్వర్లు కొని, వాటిని అద్దె డేటా సెంటర్‌లో పెట్టుకుంది. ఈ కథలు మన దగ్గర క్లౌడ్ వద్దనేవాళ్లు తరచుగా చెబుతారు. కానీ ఆ రెండు సంస్థల దగ్గరా రాత్రి రెండు గంటలకు సర్వర్ ఆగితే లేచి సరిచేసే నిపుణులు జీతం మీద ఉన్నారు. మన మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లేరు. అందుకని వాళ్ల తీర్పు మనకు వర్తించదు, వాళ్లు లెక్క వేసుకున్న పద్ధతి వర్తిస్తుంది.

పది మంది లోపు పనిచేసే సంస్థలకు నా సలహా ఇంకాస్త సూటిగా ఉంటుంది. క్లౌడ్‌లో యంత్రాన్ని అద్దెకు తీసుకోవద్దు. అద్దె యంత్రమైనా అప్‌డేట్లు వేయాల్సింది మీరే, వైరస్ చూసుకోవాల్సింది మీరే. మెయిల్, ఫైళ్లు, జీతాల పట్టీ, బిల్లింగ్ లాంటివాటికి చందా కట్టి నేరుగా సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. మెయిల్ సర్వర్‌ను సొంతంగా నడపడం అన్నది ఈ రోజుల్లో ఏ చిన్న సంస్థా తలకెత్తుకోవలసిన పని కాదు.

ఇప్పుడు, ఆగిపోతే ఏమవుతుందన్న ప్రశ్న. మిర్యాలగూడలో కోతల కాలంలో రైస్ మిల్లు ముందు ధాన్యం లారీలు బారులు తీరి ఉంటాయి. కాటా మీదికి లారీ ఎక్కాలి, తూకం కంప్యూటర్‌లోకి పోవాలి, చీటీ రావాలి. ఆ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో ఉండి, ఎక్కడో రోడ్డు తవ్వుతూ పొక్లెయిన్ ఫైబర్ తెంపిందంటే, కాటా మీది లారీ దిగదు, వెనక లారీ ఎక్కదు, రైతు ఆ రాత్రి అక్కడే. ఇలాంటి చోట తూకం సాఫ్ట్‌వేర్ మిల్లులోని కంప్యూటర్‌లోనే నడవాలి. ఇంటర్నెట్ ఉన్నప్పుడు లెక్కలు పైకి పంపి, లేనప్పుడు తన దగ్గరే దాచుకోవాలి. ఆసుపత్రి క్యాజువాలిటీకి, పెట్రోలు బంకుకి కూడా ఇదే మాట. మిగతా పనులకు రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు పెట్టించండి. రెండూ ఒకే స్తంభం మీదుగా రాకుండా లైన్‌మన్‌ను అడిగి మరీ చూసుకోండి.

క్లౌడ్ వైపు మొగ్గే కారణం మన నేలలోనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల పాటు నీళ్లలో ఉంది. కింది అంతస్తు గదిలో సర్వర్ పెట్టుకున్న దుకాణానికి అలాంటి వరదలో సరుకుతో పాటు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పే ఖాతా కూడా పోతుంది. సరుకుకు బీమా ఉంటుంది, ఖాతాకు ఉండదు. బాకీల జాబితా ఒక్క కాపీ అయినా ఇంకొక ఊళ్లో ఉండాలి. క్లౌడ్‌ను దేనికీ వాడనివారు కూడా బ్యాకప్ కోసం వాడవలసిందే. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అలాగని క్లౌడ్‌లో పెట్టినది భద్రమని నిద్రపోకూడదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ భవనం మొత్తం కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరు ఖాతాదారులకు ఏమీ మిగల్లేదు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థకు జరిగింది ఇంకా ఘోరం. ఇతరుల ప్రోగ్రాములను భద్రపరచడమే వాళ్ల వ్యాపారం. ఎవరో దొంగ వాళ్ల అమెజాన్ ఖాతాలోకి చొరబడి డబ్బు అడిగాడు. ఖాతాను తిరిగి చేజిక్కించుకోవాలని చూస్తే, యంత్రాలను, డేటాను, బ్యాకప్‌లను వరసగా చెరిపేశాడు. పన్నెండు గంటల్లో అంతా అయిపోయింది. ఆ కంపెనీ మళ్లీ తెరుచుకోలేదు. బ్యాకప్ ఉంది, కానీ అదే తాళంచెవి కింద ఉంది.

అందుకే ఒక కాపీని వేరే ఖాతాలో, వేరే పాస్‌వర్డ్ కింద, కుదిరితే వేరే సంస్థ దగ్గర ఉంచాలి. కొత్త బ్యాకప్ రాసే ఖాతాకు పాతది చెరిపే అధికారం ఉండకూడదు. మూడు నెలలకోసారి ఒక ఆదివారం ఆ బ్యాకప్‌ను ఖాళీ కంప్యూటర్‌లోకి దించి, మార్చి 31 నాటి బకాయిల మొత్తం సరిగ్గా వస్తోందో లేదో మీ అకౌంటెంట్ చేత చూపించుకోవాలి. బ్యాకప్ విజయవంతం అని రోజూ వచ్చే మెయిల్‌ను దీనికి బదులుగా లెక్కపెట్టకండి. ఎన్ని గంటల్లో దిగిందో కూడా రాసి పెట్టుకోండి. నిజంగా ప్రమాదం జరిగిన రోజున వ్యాపారం ఎంతసేపు ఆగుతుందో ఆ అంకే చెబుతుంది.

క్లౌడ్ సంస్థలు హామీపత్రంలో 99.9 శాతం నడుస్తుందని రాస్తాయి. మిగిలిన ఆ కాస్త శాతాన్ని నిమిషాల్లోకి మారిస్తే నెలకు 43 నిమిషాలు. అంతకంటే ఎక్కువ ఆగితే ఇచ్చే పరిహారం బిల్లులో తగ్గింపే తప్ప, ఆ రోజు మీరు పోగొట్టుకున్న బేరం కాదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉద్యోగి ఒకరు ఆదేశం తప్పుగా టైపు చేయడంతో అమెరికాలో వేల వెబ్‌సైట్లు గంటల పాటు మూగపోయాయి. అంత పెద్ద సంస్థల్లోనూ మనుషులే పనిచేస్తారు.

ఖాతా ఎవరి పేరున ఉంది? ఈ ప్రశ్న అడిగినప్పుడు యజమానులు తటపటాయించడం నేను చాలాచోట్ల చూస్తున్నాను. వెబ్‌సైటు కట్టిన కుర్రాడి సొంత మెయిల్‌తో ఖాతా తెరిచి ఉంటుంది. ఓటీపీ అతని ఫోన్‌కే వెళుతుంది. అతను ఇప్పుడు పూణేలో ఉద్యోగంలో ఉంటాడు. డొమైన్ పేరు కూడా అతని పేరునే. అతను మంచివాడే అయినా, మీ దుకాణం తాళాలు అతని జేబులో ఉండటం సరికాదు. ప్రధాన ఖాతా సంస్థ పేరున, సంస్థ మెయిల్‌తో, యజమాని చేతిలో ఉండాలి. రెండంచెల తనిఖీ తప్పనిసరి. పనిచేసే ప్రతివారికీ విడివిడి లాగిన్, ఉద్యోగం మానిన రోజే అది రద్దు. బిల్లు ఫలానా మొత్తం దాటితే ఫోన్‌కి హెచ్చరిక వచ్చేలా పెట్టుకోవడానికి పది నిమిషాలు చాలు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, వివరాలు మీ ఆడిటర్‌ను అడగండి. కంపెనీగా నమోదైన సంస్థ తన లెక్కల పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకుంటే, వాటి బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ప్రతిరోజూ జరగాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమైన సెర్ట్-ఇన్‌కి తెలపాలని అదే ఏడాది ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. ఖాతాదారుల వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో వచ్చిన చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. డేటా క్లౌడ్ సంస్థ దగ్గర ఉంది కదా అంటే బాధ్యత మీ మీద నుంచి పోదు. కాబట్టి క్లౌడ్ ఖాతా తెరిచేటప్పుడు ముంబై, హైదరాబాద్ లాంటి మన దేశపు కేంద్రాన్నే ఎంచుకుని, రెండో కాపీ ఇంకొక నగరంలో పెట్టండి.

ఇక బయటికి వచ్చే దారి. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ తమను పూర్తిగా వదిలి వెళ్లేవారికి డేటా తరలింపు రుసుము రద్దు చేశాయి. మంచిదే. కానీ చందా సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న సంస్థల దగ్గరే అసలు చిక్కు వస్తుంది. పదేళ్ల అమ్మకాల వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి, అడిగితే పీడీఎఫ్ కాగితాలు ఇస్తామంటారు. వాటితో ఇంకొక సాఫ్ట్‌వేర్ నడవదు. మొదటి చెక్కు ఇవ్వకముందే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: మా డేటా మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించగల రూపంలో ఎప్పుడు అడిగినా ఇస్తారా, చందా ఆపాక ఎన్ని రోజులు ఉంచుతారు, కంపెనీ మూతపడితే మాకు ఎవరు ఇస్తారు. అమ్మకం కుదిరేముందు వీటికి జవాబు ఒక్క రోజులో వస్తుంది. తరవాత అడిగితే నెలలు పడుతుంది.

మీ సర్వర్ వారంటీ కాగితం తీసి తేదీ చూడండి. ఇంకా ఏడాది పైగా ఉంటే దాన్ని పారేయాల్సిన అవసరం లేదు. ఈలోగా మెయిల్‌ను, బ్యాకప్‌ను మార్చుకుని, నెలనెలా బిల్లు ఎలా వస్తోందో అలవాటు పడండి. ఆరు నెలల లోపే ఉంటే, మీ పనుల జాబితా, వాటి పక్కన రెండు వైపుల ఐదేళ్ల ఖర్చూ ఈ నెలలోనే రాయించండి. బిల్లింగ్ మార్పును ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చి నెలలో పెట్టుకోవద్దు. మే, జూన్ నెలల్లో పెట్టుకుంటే పాతదీ కొత్తదీ నెల రోజులు పక్కపక్కన నడిపి, రెండింట్లో లెక్క ఒకటే వస్తోందని చూసుకున్నాకే పాతదాన్ని ఆపవచ్చు.